మేత బీడు మీద డ్రోన్: రెండు వానాకాలాల నా అనుభవం

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఉన్న ఒక ఊరి మేత బీడులో నేను రెండు వానాకాలాల పాటు డ్రోన్ ఎగరవేసి గడ్డి ఎదుగుదలను కొలిచాను. ఆ బీడు సుమారు 120 ఎకరాలు ఉంటుంది. ఒకవైపు రాతిగుట్ట, మరోవైపు వాన పడినప్పుడు మాత్రమే పారే వంక, మధ్యలో పలుచని ఎర్రనేల. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ జిల్లాలో జీవాలను మేపుకొని బతికే కుటుంబాలకు ఇటువంటి ఉమ్మడి బీళ్లే ఆధారం. తొలకరి పడిన నాటి నుంచి గడ్డి గింజ రాల్చే వరకు మందలను బీడులోకి తోలకూడదని ఆ ఊరివాళ్లు తమలో తాము ఒక కట్టుబాటు చేసుకున్నారు. అది నిలవాలంటే ఏటా రెండు సంగతులు తేలాలి: బీడును ఎప్పుడు తెరవాలి, తెరిచాక ఎన్ని జీవాలను ఎన్ని రోజులు మేపవచ్చు. నేను పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఆ లెక్క తేల్చే పనిని నాకు అప్పగించింది.

అంతకు ముందు ఏడాది ఆ పని అంతా కాలినడకనే చేశాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ఇనుప చట్రాన్ని బీడులో 40 చోట్ల పెట్టి, లోపలి గడ్డిని కొడవలితో నేల మట్టానికి కోసి, తూకం వేసి, ఆ సగటును బీడు మొత్తానికి వర్తింపజేశాం. నలభై చట్రాలంటే నలభై చదరపు మీటర్లు. బీడేమో దాదాపు 4 లక్షల 85 వేల చదరపు మీటర్లు. వంక పక్కన మోకాలెత్తు గడ్డి, యాభై అడుగులు నడిస్తే రాయి తేలిన నేల, ఇంకొంచెం పైకి వెళితే తంగేడు పొదలు ఉన్నచోట ఆ సగటును నమ్మడం నాకు చేతకాలేదు. ఉపగ్రహ చిత్రాలను కూడా చూశాను. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు అయిదు రోజులకొకసారి ఉచితంగానే దొరుకుతాయి, కానీ వాటిలో ఒక్కో గడి (పిక్సెల్) పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ ఒక్క గడిలోనే బండ, పొద, గడ్డి మూడూ కలిసిపోతాయి. పైగా మాకు చిత్రం అత్యవసరమైన ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే మబ్బులు అడ్డం వస్తాయి. డ్రోన్ మబ్బుల కిందే ఎగురుతుంది కనుక దానివైపు మొగ్గాం.

ప్రభుత్వ నిబంధనల భాగం నేను భయపడినంత కష్టం కాలేదు. మా డ్రోన్ బరువు రెండు కిలోల లోపు, అంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం అది మైక్రో తరగతికి చెందుతుంది. దానికి విశిష్ట గుర్తింపు సంఖ్య తీసుకున్నాం. డ్రోన్ ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆ ఊరు ఆకుపచ్చ మండలంలో ఉండడం వల్ల 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేకపోయింది. మేము 60 మీటర్లు, అంటే సుమారు 200 అడుగులు దాటి ఎగరవలసిన అవసరమే లేదు. ఎగరవేసే బాధ్యతను శిక్షణ పొందిన మా సహోద్యోగి తీసుకున్నాడు. పథకం వేయడం, నేల మీది కొలతలు, ఆ తర్వాతి లెక్కలు నావి.

అసలు కష్టం ఊరి నుంచి వచ్చింది, అది న్యాయమైనదే. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు వాడారు కనుక, డ్రోన్ అనగానే జనానికి కొలతలు, హద్దులు, పాసుపుస్తకాలు గుర్తుకొస్తాయి. ఉమ్మడి బీడు మీద డ్రోన్ ఎగురుతుందంటే దాన్ని ఎవరికో కట్టబెట్టడానికేనని కొందరు గట్టిగా నమ్మారు. పొలాల గట్లకు, ఇళ్లకు మా పటంలో చోటుండదని, బీడు హద్దు దాటి ఎగరబోమని, తయారైన ప్రతి పటాన్ని ముందుగా ఊరికే చూపిస్తామని రచ్చకట్ట దగ్గర రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పాను. ఎగిరే రోజుకు ముందు రోజు చాటింపు వేయించాలని వాళ్లు షరతు పెట్టారు. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ షరతు తప్పలేదు. ఈ పనికి దిగే వాళ్లెవరైనా బ్యాటరీలు ఛార్జి చేసుకునే ముందు ఈ రెండు సాయంత్రాలను లెక్కలో వేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఆ మాటల సందర్భంలోనే ఒక వృద్ధ కాపరి పరిచయమయ్యాడు. నలభై ఏళ్లుగా ఆ బీడులో మంద మేపిన మనిషి. నన్ను ‘పాపా’ అని పిలిచేవాడు, నేను ‘తాతా’ అనేదాన్ని. తర్వాత జరిగిన పనిలో సగం ఆయన వల్లే నిలబడింది.

మా కెమెరా మామూలు రంగు చిత్రంతో పాటు ఆకుపచ్చ, ఎరుపు, ఎరుపు అంచు (ఎరుపుకూ పరారుణానికీ మధ్యది), సమీప పరారుణ కాంతులను విడివిడిగా నమోదు చేస్తుంది. పచ్చని ఆకు కిరణజన్య సంయోగక్రియ కోసం ఎర్రటి కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనపడని సమీప పరారుణ కాంతిని మాత్రం చాలావరకు తిప్పి పంపుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యనే ఎన్‌డీవీఐ అంటారు. 1970ల నుంచి ఉపగ్రహ చిత్రాల మీద వాడుతున్న సూచిక ఇది. పచ్చదనం ఎక్కువైన కొద్దీ ఒకటి వైపు పెరుగుతుంది, ఎండిన నేల మీద చాలా తక్కువగా ఉంటుంది. 60 మీటర్ల ఎత్తు నుంచి మాకు ఒక్కో గడి సుమారు మూడు సెంటీమీటర్లు వచ్చింది. ఉపగ్రహపు గడితో పోలిస్తే, గడ్డి కుదురును కుదురుగా చూడగలిగినంత సూక్ష్మం అది.

జూన్ చివరలో మొదటిసారి ఎగరవేశాం. ముందుకు 80 శాతం, పక్కకు 75 శాతం చిత్రాలు ఒకదానిమీదొకటి కలిసేలా పథకం వేశాం, బీడంతా తిరగడానికి మూడు బ్యాటరీలు పట్టాయి. చిత్రాలు బాగానే వచ్చాయనుకున్నాను. ఆ రాత్రి లెక్క కట్టి చూస్తే, గడ్డి లేని బండ కూడా ఉండవలసినదానికంటే ప్రకాశవంతంగా తేలింది. కారణం వెతకడానికి ఒక రోజు పట్టింది. ఎగిరే ముందు, దిగిన తర్వాత, ఎంత కాంతిని తిప్పి పంపుతుందో ముందే తెలిసిన బూడిద రంగు పలకను చిత్రం తీయాలి. ఆ రోజు ఎండ ఎంత ఉందో లెక్క కట్టేది దానిని బట్టే. నేను ఆ పలక పక్కన నిలబడి చిత్రం తీసినప్పుడు నా నీడ దాని మీద పడింది. పలక చీకటిగా కనపడేసరికి లెక్కలో నేలంతా వెలిగిపోయింది. ఆ రోజు చిత్రాలను పక్కన పెట్టి మూడు రోజుల తర్వాత మళ్లీ ఎగరవేశాం. అప్పటి నుంచి పలకను బీడు మధ్య బండ మీద పరిచి, సూర్యుడికి ఎదురుగా నిలబడి, నీడ వెనక్కి పడేలా చూసుకొని మాత్రమే చిత్రం తీశాను.

నేల మీద గుర్తుల విషయంలోనూ పాఠం నేర్చుకున్నాను. ఈ నెల పటం, వచ్చే నెల పటం ఒకదానిమీదొకటి సరిగ్గా కూర్చోవాలంటే రెండింటిలోనూ కనిపించే స్థిరమైన గుర్తులు కావాలి. మొదట ఎరువుల ఖాళీ సంచులను పరిచి మేకులు కొట్టాం. పనికొచ్చే సంచులు బీడులో పడి ఉంటే ఎవరైనా తీసుకుపోతారు, అలాగే తీసుకుపోయారు. ఆ తర్వాత కదలని బండలను అయిదింటిని ఎంచుకొని, వాటి మీద సున్నంతో పెద్ద కూడిక గుర్తులు వేసి, ఒక్కోదాని స్థానాన్ని జీపీఎస్ పరికరంతో కచ్చితంగా నమోదు చేశాం. వాన వెలిసిన ప్రతిసారీ సున్నం మళ్లీ పూయవలసి వచ్చేది.

జూలైలో గాలి మొదలైంది. పడమటి గాలి ఈ జిల్లాకు కొత్త కాదు. ఉమ్మడి జిల్లాలో రామగిరి కొండల మీద గాలిమరలు నిలబడ్డది ఆ గాలిని నమ్ముకొనే. డ్రోన్ ఆ గాలిని తట్టుకుంది, గడ్డే తట్టుకోలేదు. గడ్డి ఎత్తును చిత్రాల నుంచి లెక్కించాలంటే ఒకే బిందువు వరుసగా అనేక చిత్రాల్లో అదే చోట కనపడాలి. ఊగుతున్న గడ్డికొన ప్రతి చిత్రంలోనూ వేరే చోట ఉంటుంది కనుక లెక్క దాన్ని వదిలేసి నేలనే పట్టుకుంటుంది. మా మొదటి ఎత్తు పటంలో వంక పక్కనున్న మోకాలెత్తు గడ్డి జానెడు కూడా తేలలేదు. గాలి తక్కువగా ఉండేది తెల్లవారాక ఒకటి రెండు గంటలు. అయితే సూచికకు కావలసిన స్థిరమైన, నిటారు ఎండ ఉండేది పదకొండు నుంచి ఒంటిగంట వరకు. ఈ రెండూ ఒకే వేళలో దొరకవని ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. చివరకు పనిని రెండుగా విడగొట్టాం: ఉదయం ఏడింటికి ఎత్తు కోసం మామూలు రంగు కెమెరాతో ఒక విడత, మధ్యాహ్నం పచ్చదనం కోసం మరో విడత. బ్యాటరీల ఖర్చు రెట్టింపైంది, కానీ పటాలు నమ్మదగినవయ్యాయి. అప్పటికీ సన్నని గడ్డికొనలను కెమెరా పూర్తిగా పట్టుకోదు. అందుకే ప్రతి విడతలో ముప్పై చోట్ల స్కేలుతో గడ్డి ఎత్తు కొలిచి, పటంలోని ఎత్తును దానికి సరిచేయడం అలవాటు చేసుకున్నాను.

మొదటి ఏడాది చేసిన అతి పెద్ద పొరపాటు ఇంకొకటి. గడ్డి ఎత్తు తెలియాలంటే గడ్డి లేనప్పటి నేల రూపం ముందుగా తెలియాలి, అంటే మే నెలలో, బీడంతా నేల వరకు మేసి ఉన్నప్పుడు ఒకసారి ఎగరాలి. మేము తొలకరి తర్వాత మొదలుపెట్టాం. ఆ ఏడాది ఎత్తు లెక్కలన్నీ బండల మధ్య ఉన్న ఖాళీ నేలను బట్టి ఊహించినవే. ఆ లోటును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు.

ఆగస్టులో రెండు మంచి వానలు పడ్డాక వచ్చిన పచ్చదనపు పటం నాకు చాలా సంతోషం కలిగించింది. గుట్ట వాలు ముదురాకుపచ్చగా, వంక పక్క లేత ఆకుపచ్చగా, మధ్యభాగం పసుపు, ఎరుపు రంగుల్లో తేలింది. దాన్ని పెద్దగా అచ్చు వేయించి రచ్చకట్ట దగ్గర పరిచాను. తాత చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, గుట్టను, వంకను గుర్తుపట్టి, ముదురాకుపచ్చ భాగం మీద వేలు పెట్టాడు. ‘పాపా, ఈ పచ్చనిదంతా తంగేడు. దీన్ని గొర్రె ముట్టదు. ఆ కింద పక్కన పచ్చగుండేది వయ్యారిభామ. మేత యాడుందో అది నీ పటంలో వెలిసిపోయినట్టుగా ఉంది,’ అన్నాడు.

మరునాడు పొద్దున ఆయనతో కలిసి పటం పట్టుకొని నడిచాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వానకు ముందూ తర్వాతా పచ్చగా ఉండే తంగేడు, కొత్తగా మొలిచిన వయ్యారిభామ, వంక ఒడ్డున సర్కారు తుమ్మ, ఇవన్నీ సూచిక దృష్టిలో మంచి పచ్చదనమే. జీవాలకు కావలసిన గడ్డి అప్పుడప్పుడే కుదుళ్ల నుంచి లేస్తూ, మధ్యలో ఎర్రనేల కనపడుతూ పలుచగా ఉంది. గడ్డి పలుచగా ఉన్నచోట కింద నేల రంగు సూచికను తారుమారు చేస్తుంది. వానకు తడిసి నల్లబడిన నేల మీద ఒక విలువ, రెండు రోజులకు ఆరిన అదే నేల మీద మరో విలువ వస్తుంది. ఈ దోషాన్ని తగ్గించడానికి 1988లో ప్రతిపాదించిన ఎస్ఏవీఐ అనే సవరించిన సూచిక ఉంది. మా నేలకు అది మెరుగ్గా పనిచేసింది. అయితే ఏ సూచికా గొర్రె ఏది తింటుందో చెప్పదు. ఆ సంగతి తెలిసింది తాతకే.

ఆ నడక నుంచి పని తీరు మారింది. పటం మీద తంగేడు, సర్కారు తుమ్మ పొదల హద్దులను చేతితో గీసి వేరు చేశాను. పొదలు ఎత్తు పటంలో మిట్టల్లా నిలబడి కనపడతాయి కనుక అది కొంత సులువైంది. వయ్యారిభామ గడ్డితో సమానమైన ఎత్తే ఉంటుంది, దాన్ని నడిచి గుర్తించడం తప్ప వేరే దారి దొరకలేదు. మిగిలిన గడ్డి భాగాన్ని తాత మూడు రకాలుగా విడగొట్టాడు: జీవాలు ముందుగా తినేది, ఆకలికి తినేది, లేతగా ఉన్నప్పుడు మాత్రమే తినేది. సువాసన వచ్చే బోదగడ్డి మూడో రకం. నా ఇనుప చట్రాన్ని కూడా యాదృచ్ఛికంగా కాక, ఈ మూడు రకాల్లోనూ సమానంగా పడేలా పెట్టాను.

కోత, తూకం ఈ పనికి వెన్నెముక. చట్రంలోని గడ్డిని డ్రోన్ ఎగిరిన రోజే కోయాలి, రెండు రోజులు ఆలస్యమైనా చిత్రంలో ఉన్న గడ్డి, సంచిలో ఉన్న గడ్డి ఒకటి కావు. కోసిన గడ్డిని కాగితపు సంచుల్లో పెట్టి, చోటు సంఖ్య రాసి, వెంటనే తూచి, తర్వాత దగ్గరలోని ఒక ప్రయోగశాలలో 65 డిగ్రీల వేడిలో బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టించాను. ఆగస్టులో కోసిన ఒక సంచి పచ్చిగా 212 గ్రాములు తూగి, ఆరాక 58 గ్రాములకు దిగింది. పచ్చిమేత బరువును మేతగా లెక్కపెడితే ఎంత మోసపోతామో ఆ రెండు అంకెలు చూశాక అర్థమైంది.

అక్టోబరులో మరో చిక్కు ఎదురైంది. గడ్డి వెన్ను తీసి, గింజ ముదిరి, పసుపు రంగుకు తిరగడం మొదలైంది. సూచిక విలువలు నెలలోనే సగానికి పడిపోయాయి. పటాన్ని మాత్రమే చూసేవారికి బీడు కరువుపాలైనట్టు కనపడుతుంది. కానీ చట్రాల్లో ఎండు బరువు ఆగస్టు కంటే ఎక్కువ తూగింది. మేత తగ్గలేదు, పచ్చదనం తగ్గింది. వేసవి వరకు జీవాలు తినవలసింది ఆ ఎండుగడ్డినే. అందువల్ల ఎదుగుదల దశలో సూచిక మీద, ముదిరిన దశలో ఎత్తు మీద ఆధారపడి లెక్క కట్టాలని, రెండింటికీ తూకమే సాక్షి కావాలని నిర్ణయించుకున్నాను. ఒకే సూచికతో ఏడాదంతా బీడును కొలిచామని ఎవరైనా చెబితే, వాళ్ల అక్టోబరు సంచులను చూపించమని నేను అడుగుతాను.

జంతువుల సంగతి కూడా చెప్పాలి. మొదటి రోజుల్లో డ్రోన్ చప్పుడుకు పక్క పొలంలో మేస్తున్న మంద బెదిరి చెదిరింది. కాపరి దాన్ని కూడగట్టుకోవడానికి చాలా తిరగవలసి వచ్చింది. అప్పటి నుంచి డ్రోన్‌ను మందలకు దూరంగా, గుట్ట వెనుక నుంచి లేపి, నిండు ఎత్తుకు చేరాకే బీడు మీదికి తెచ్చాం. ఒకసారి గద్ద దాని వెంటపడింది. మా సహోద్యోగి పని ఆపి వెంటనే దించేశాడు. ఆ రోజు పటంలో ఒక మూల ఖాళీగా మిగిలింది, దాని గురించి నాకు ఏ చింతా లేదు. నేల మీద గూళ్లు పెట్టే పూరేడు పిట్టలు ఆ బీడులో ఉన్నాయి కనుక గడ్డి కోసేటప్పుడు కూడా ముందు చట్రం లోపల చేతితో తడిమి చూసేదాన్ని.

రెండో ఏడాది మే నెలలోనే మొదలుపెట్టాం. ఉత్త నేల రూపం చేతికొచ్చింది. జూన్ నుంచి నవంబరు వరకు నెలకొకసారి, మంచి వాన తర్వాత రెండు వారాలకు అదనంగా ఒకసారి ఎగరవేశాం. నవంబరులో తెరిచే ముందు ఊరికి ఇచ్చిన లెక్క చాలా సాదాగా ఉంది. ముప్పై కిలోల గొర్రెకు రోజుకు సుమారు ఒక కిలో ఎండుమేత కావాలి. గడ్డి మళ్లీ లేవడానికి, నేల కొట్టుకుపోకుండా ఉండడానికి ఉన్నదాంట్లో సగం వదిలేయాలి. మిగిలిన సగంలో ప్రతి టన్ను వంద గొర్రెలకు పది రోజుల మేత. ఈ మూడు వాక్యాలను బీడులోని నాలుగు భాగాలకు వర్తింపజేసి, ఒక్కో భాగం ఎంత కాలం మేతకు వస్తుందో పటం మీదే రాసి ఇచ్చాను.

రచ్చకట్ట దగ్గర ఆ పటం మీద చర్చ చీకటి పడేదాకా సాగింది. నా లెక్క ప్రకారం ముందుగా గుట్ట పక్క భాగాన్ని తెరవాలి, అక్కడ ఎండు బరువు ఎక్కువ. తాత ఒప్పుకోలేదు. వంక పక్క గడ్డి మెత్తనిదని, ఈనిన గొర్రెలకు ముందు అదే కావాలని, గుట్ట పక్కది గట్టి గడ్డి కనుక అది ఫిబ్రవరి వరకు నిలబడుతుందని, వంక పక్కది అప్పటికి రాలి మట్టిలో కలిసిపోతుందని చెప్పాడు. మిగిలిన కాపరులు ఆయన మాటే బలపరిచారు. బొగ్గుముక్కతో పటం మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుస మార్చి రాశారు. నేను ఇచ్చిన రోజుల లెక్కను అలాగే ఉంచి, వరుసను వాళ్లు చెప్పినట్టు మార్చి, మరునాడు శుభ్రమైన ప్రతి తీసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాను. ఫిబ్రవరి రెండో వారంలో గుట్ట పక్క భాగంలో మళ్లీ చట్రాలు పెట్టి తూచాను. సుమారు మూడు నెలలు ముట్టుకోకుండా ఉన్న ఆ గడ్డి నవంబరు నాటి ఎండు బరువులో ఎక్కువ భాగాన్ని ఇంకా నిలబెట్టుకొనే ఉంది. ఆ వారమే మందలు అందులోకి దిగాయి.